వెనక చూసి కొన్న పటం

బట్ట మీద గీసిన పాత బొమ్మలు కొనడంలో నా కంటికి తిరుగులేదు. ఇది గొప్ప కాదు, నిజం. దొరల గడీలు ఖాళీ అవుతున్న ఆ రోజుల్లో కరీంనగర్ పాత సామాన్ల దుకాణాలకు అలాంటివి ఎన్నో వచ్చేవి. అందరూ రంగులు చూసి మురిసేవాళ్లు. నేను ముందు వెనక్కి తిప్పి చూసేదాన్ని. రంగు ఎంతైనా అబద్ధమాడుతుంది గానీ బట్ట ఆడదు.

ఒకరోజు దుకాణంలో ముసలి సాయెబు పొడుగాటి పటం ఒకటి పరిచి, కత్తెర పట్టుకొని కూర్చున్నాడు. మా నేతవాళ్ల వాడల్లో కులకథ చెప్పేటప్పుడు విప్పే పటం అది.

“గింత పొడుగుది ఎవలు కొంటరు బిడ్డా? ముక్కలు జేసి అద్దాలు కట్టిస్త,” అన్నాడు.

“కత్తెర పెడితే ఒక్క ముక్క గూడ కొన. మొత్తం నాకే ఇయ్యి,” అని వెనక్కి తిప్పాను. అంచున జంట పోగు కనిపించింది. అది మా బాపు మగ్గం మీది అంచే. పటానికి బట్ట నేసి ఇవ్వడం మా వాడ ఆనవాయితీ. సంతోషంలో బేరమాడడం కూడా మర్చిపోయాను.

ఇంటికి తెచ్చి విప్పగానే బాపు మొహం మాడిపోయింది.

“గిది గంగల కలిసింది గదనే!”

పటం పాతబడితే మనిషికి చేసినట్టే దినం చేసి గోదావరిలో కలుపుతారు. కిందటేడు వాడంతా చేరి, ఏడ్చి సాగనంపి, భోజనాలు కూడా చేశాం. అంటే కథ చెప్పేవాడు ఉత్త మూట కలిపి పటాన్ని అమ్ముకున్నాడన్నమాట! నాకు నవ్వాగలేదు. బాపుకు మాత్రం ఒళ్లు మండింది. కానీ సంగతి బయటపడితే ఆ మనిషిని ఏ వాడా గడప తొక్కనివ్వదు. అతని ఇల్లు గడిచేది ఆ కథ మీదే. తిట్టుకుంటూనే బాపు పటాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

మరుసటేడు అతను కొత్త పటంతో వచ్చి వాడలో కథ చెప్పాడు. అయ్యాక బాపు అతన్ని లోపలికి పిలిచి పెట్టె తెరిచాడు. అతను పటం అంచు ఒకసారి తడిమి చేతులు జోడించాడు.

“పెండ్లాం పానం మీదికొచ్చిందన్నా. దవాఖానకు పైసలు గావాల్సొచ్చినయి. గా ఉత్త మూట నేనే గంగల ఇడిసిన.”

“బతికిందా?”

“బతికింది.”

బాపు పటాన్ని పెట్టెలోంచి తీసి అతని ముందు పెట్టాడు.

“అయితే ఇప్పు దాన్ని,” అన్నాడు.

తలుపులు మూసి, పాత పటం మీద మా ఇద్దరికే కథ మళ్లీ చెప్పాడు. బొమ్మలు చూపే పుల్ల తాకి తాకి రంగు పోయిన చోటు రాగానే అతను కథ ఆపి పుల్ల దించేశాడు. అక్కడి నుంచి బాపు అందుకున్నాడు.

ఆ పటం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎక్కడిదని ఎందరు అడిగినా, వాళ్లిద్దరూ పోయేదాకా ఎవరికీ చెప్పలేదు.