ఫైలు తెరిచి చూడమన్న అక్క

మా అక్క పోయిందని సోమవారం పొద్దున ఆమె తమ్ముడు ఆఫీసుకే ఫోన్ చేసి చెప్పాడు. "నిద్రలోనే పోయిందమ్మా. ఎక్కువసేపు నీతోనే కదా ఉండేది, అందుకే ముందు నీకే చేసినా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆ వారం శుక్రవారం చేయాల్సిన పని. ఈ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అక్కకు దాపరికాలు పడవు.

ఆమె నాకు సొంత అక్క కాదు. అనంతపురంలో ఒక స్టేషనరీ షాపు పైన రెండు గదుల్లో మొబైల్ యాప్‌లు చేసే ఆఫీసు మాది. ఉండేది మేమిద్దరమే. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో వారం వారం తాడు వదిలి కొలిచే ఆడవాళ్ల కోసం ఒక యాప్ చేశాం. బోరు కింద వేరుశనగ వేయాలా, బీడు పెట్టాలా అని ఊరు ఆ అంకెలు చూసుకునే మాట్లాడుకుంటుంది. సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి మూడేళ్ల కొలతలూ ఒక్క ఫోన్లోనే ఉన్నాయి. ఆ శుక్రవారం ఆ పాత ఫోన్‌ను ఇచ్చినవాళ్లకు వెనక్కి ఇచ్చేయాలి. ఇచ్చే ముందు కొలతలన్నీ ఒక ఫైలుగా బయటికి తీసి, ఫోన్లోవి చెరిపేయాలి. చెరిపితే మళ్లీ రావు. అలా బయటికి తీసే కోడు నేను రాసినది.

మొదటిసారి రాసినప్పుడు అంతా ఒకే క్లాసులో, అంటే కోడులోని ఒకే భాగంలో, కుక్కేశాను. కొలతలు వెతుక్కునేది అదే, ఫైలు రాసే భాగాన్ని, అంటే రైటర్‌ను, తయారు చేసుకునేది కూడా అదే. అక్క నా కుర్చీ వెనక నిలబడి చదివింది. ధర్మవరం నేతవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. ఏ కోడు చూసినా ఆమెకు మగ్గమే కనిపించేది.

"ఏం పాపా, మగ్గం పట్టును తానే తయారు చేసుకుంటాదా? షావుకారు ఏ పట్టు ఇస్తే ఆ పట్టు నేస్తాది. నీ క్లాసుకూ కావాల్సినవి బయటినించి ఇయ్యి."

దీన్నే డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. కాలేజీలో ఆ పేరు రాసి మార్కులు తెచ్చుకున్నాను, అర్థమైంది మాత్రం ఆ రోజే. ఏ క్లాసుకు ఏది అందాలో ఒక్కచోట రాసి కలిపాం. అలా చేస్తే పరీక్షించేటప్పుడు అసలు రైటర్ బదులు నకిలీది అందించవచ్చు. నకిలీది ఏమీ రాయదు, రాసినట్టు జవాబు మాత్రం ఇస్తుంది.

పరీక్ష అయ్యాక ఆ నకిలీని తీయడం మరిచిపోయి, ఊరికి ఇచ్చే యాప్‌ను తయారు చేసేశాను. బటన్ నొక్కితే పచ్చ టిక్కు వచ్చింది. గర్వంగా అక్కకు చూపించాను.

"టిక్కు ఎవురు అడిగినారు? ఫైలు యాడుండాది?"

"వచ్చింటుందక్కా."

"వచ్చిందా, వచ్చింటాదా?"

వెతికితే ఏమీ లేదు. ఆ రోజే ఊళ్లో ఆ బటన్ నొక్కి, టిక్కు చూసి, అన్నీ చెరిపేసి ఉంటే? అక్క తిట్టలేదు. "షావుకారు ఇచ్చిన పట్టును మా నాయన నేరుగా మగ్గానికి ఎక్కిచ్చింది నేను ఎప్పుడూ చూళ్లేదు. ఎండలో పట్టుకుని, వేలికి చుట్టుకుని చూసేవాడు. ఇచ్చినోళ్ల మింద అనుమానం కాదు పాపా. నేసినాక విప్పలేం" అంది.

ఎదుటివాళ్ల ముందు నా తప్పు ఎప్పుడూ ఎత్తేది కాదు. తాను ధర్మవరం నుంచి వచ్చిన బస్సు టికెట్టు వెనక దాన్ని చిన్న అక్షరాలతో రాసి నా కీబోర్డు కింద పెట్టేది. నా తొందర చూసి, "ఏంటికంత ఆత్రం? బస్సు తప్పిపోతాదా?" అని నవ్వేది. ఊళ్లో ఏదైనా చెరపాల్సి వస్తే మాత్రం ఆమె ఇంకో ఫోన్లో ఫైలు తెరిచి, చివరి వరస పైకి చదివి, తర్వాతే సరే అనేది. ఆ 'సరే' అప్పటిదాకా నేను ఒక్కసారీ అనలేదు.

శుక్రవారం ఆ ఊరికి ఒంటరిగా వెళ్లాను. నకిలీని ఎప్పుడో తీసేసినా, ఏ రైటర్ అందుతోందో బస్సులో ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో లెక్కలేదు. కొలతలు ఎక్కించే ఆమె వాకిట్లోనే కూర్చుని ఉంది.

"పెద్దామె రాలేదే?"

చెప్పాను. ఆమె పక్కకు జరిగి నాకు చోటిచ్చి, పాత ఫోన్ తెరిచింది. తర్వాత బటన్ నొక్కింది. టిక్కు వచ్చింది. ఫైలును నేను తెచ్చిన ఫోన్లోకి పంపుకుని తెరిచాను. వరసలు వచ్చాయి. చివరిది పైకి చదివాను.

"అవును, మొన్న నేను కొలిచిందే. మొదటిది చదువు."

చదివాను.

"అది మా మామ బోరు. ఎండిపాయ. ఇప్పుడు ఆడ తాడు వదిలినా తడి తగల్దు." ఎండకు తెర కనిపించక కొంగు అడ్డం పెట్టుకుంది. బొటనవేలు చెరిపే బటన్ మీద ఆపి నా మొహంలోకి చూసింది. "ఇంగ చెరిపేద్దునా, పాపా?"

ఇంకోసారి పైనుంచి కిందిదాకా చూశాను. ఆమె వేలు అలాగే ఆగి ఉంది.

"చెరిపేయక్కా" అన్నాను.

కళ్యాణదుర్గం చేరేదాకా బస్సులో ఆ ఫైలు మూయలేదు. తెర మసకబారినప్పుడల్లా వేలితో తాకుతూనే ఉన్నాను.