కాయిలమ్మ ఒంట్లో కరెంటు

కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ కాయిళ్లు చుట్టడం ఆమె పని. అందుకే వీధిలో అందరికీ కాయిలమ్మ. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే పలికేది కాదు.

గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మనవాళ్లంతా అలాగే అంటారు. ఆ మాట ఎవడు పుట్టించాడో గానీ, కాయిలమ్మకు మాత్రం కరెంటంటే కరెంటే. యంత్రం కింద పడుకుంటే వెలుగు లేదు, వేడి లేదు, చురుక్కుమన్నదీ లేదు. ఇంతేనా అనుకుని ఇంటికొచ్చింది. జబ్బు నయమైంది.

ఏడాది దాటాక ఒక ఉదయం దొడ్డికి వెళ్తే నెత్తురు పడింది. నొప్పి లేదు. మర్నాడూ అంతే. తర్వాత షాపులో కూర్చున్న బల్ల మీద కూడా మరక కనిపించింది.

ఇంకెవరైనా అయితే క్యాన్సర్ తిరగబెట్టిందని బెంబేలెత్తిపోతారు. కాయిలమ్మ బుర్ర అటు పోలేదు. మోటారుకు తగిలించే కెపాసిటర్ ఉంటుంది చూడండి, ప్లగ్గు పీకేశాక కూడా కరెంటు పొట్టలో దాచుకుని, చెయ్యి పెట్టినవాణ్ణి ఈడ్చి కొడుతుంది. తన పొట్టలోనూ అలాగే మిగిలిపోయిందనీ, లోపల్లోపలే కాలుస్తోందనీ తోచింది. తోచాక ఇక ప్రతిదీ సాక్ష్యమే. ఆమె పక్కగా వెళ్తే రేడియో గరగరలాడేది. అద్దం ముందు నిలబడి టెస్టరు పొట్టకు ఆనిస్తే సన్నగా వెలిగినట్టుండేది. కళ్లు చికిలించి చూస్తే ఏమీ ఉండేది కాదు.

కూతురూ, నెలల పాపా ఆమెతోనే ఉండేవాళ్లు. ఒకరోజు పాపకు ఉన్ని దుప్పటి సర్దబోతే వేలి దగ్గర టిక్కుమంది. పాప ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. పొడి గాలికి ఉన్ని చిటపటలాడుతుందని కాయిలమ్మకు తెలియదా? తెలుసు. అయినా ఆ రోజు నుంచి పాపను ముట్టుకోలేదు.

"కాసేపు ఎత్తుకో అమ్మా."

"చేతులకు వార్నిష్ ఉందే."

"ఎప్పుడూ వార్నిషేనా? నా బిడ్డ నీకేం చేసింది?"

కాయిలమ్మ ప్రాణం చివుక్కుమంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ షాపుకి వెళ్లిపోయింది.

చివరికి ఉతకబోయిన బట్టల మీద మరకలు కూతురి కంటపడ్డాయి. బతిమాలి, తిట్టి, డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ కెమెరా గొట్టంతో లోపలంతా చూసింది.

"జబ్బు తిరిగి రాలేదమ్మా. కిరణాలు తగిలినచోట పేగు పొర పలచబడి, దాని మీద సన్నటి రక్తనాళాలు పుట్టుకొచ్చాయి. మలం ఒరుసుకుంటే చాలు, నెత్తురు కారుతుంది."

"మరి లోపల మిగిలిన కరెంటు?"

"ఏమీ మిగల్లేదు. యంత్రం ఆపినప్పుడే అయిపోయింది."

కాయిలమ్మ తలూపింది గానీ నమ్మలేదు. కెపాసిటర్ కూడా పైకి ఏమీ లేనట్టే ఉంటుంది మరి.

వెనకనుంచి ఎక్కించే మందు కొన్ని వారాలు వాడారు. నెత్తురు తగ్గింది గానీ ఆగలేదు. ఇక ఆ రక్తనాళాలను కాల్చి మూసేద్దామన్నారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తొడకు తీగ ఉన్న చల్లటి పట్టీ అతికించారు.

"ఇదెందుకు?"

"గ్యాసుతో చిన్న చిన్న కరెంటు రవ్వలు పంపిస్తాం. ఆ కరెంటు బయటికి పోవడానికి ఇది దారి," అంది డాక్టరమ్మ.

"ఎర్తా?"

"అలాంటిదే."

"పోయినసారి కరెంటు పెట్టినప్పుడు ఇది పెట్టలేదే!"

ఆమె పొట్టలో టిక్, టిక్ మని మొదలైంది. కెమెరా తెర మీద ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. తొడలోంచి ఏదో చల్లగా వెళ్లిపోతున్నట్టు అనిపించి ఆమె ఒళ్ళు జలదరించింది.

ఇంకోసారి కాల్చాక నెత్తురు పూర్తిగా ఆగింది. ఒక మధ్యాహ్నం కూతురు వంటింట్లో ఉండగా కాయిలమ్మ పాప పక్కన కూర్చుంది. అనుమానమున్న తీగను ముట్టుకున్నట్టు, ముందుగా చేతి వెనకవైపు పాపకు ఆనించింది. టిక్కుమనలేదు. పాప ఆమె వేలు గట్టిగా పట్టుకుంది. లాక్కోబోతే వదల్లేదు.

కరెంటు తీగ పట్టుకున్నవాళ్ల చెయ్యి ఊడి రాదని ఆమెకు తెలుసు. ఊపిరి బిగబట్టి పాప మొహంలోకి చూసింది. పాప ఆవులించింది.

"ఏంటమ్మా, ఏడుస్తున్నావా?" ముక్కు చీదిన చప్పుడు విని వంటింట్లోంచి కూతురు అడిగింది.

"నీ కూతురు వదలట్లేదే," అంది కాయిలమ్మ.