చమురు పడిన బోరు

నస్పూర్ చుట్టుపక్కల బొగ్గు కోసం బోర్లు వేసే ముఠాలో పనిచేసేవాణ్ణి. బోరులోంచి వచ్చే నీళ్లు, ఇసుక, రాతిముక్కలు సీసాలకెత్తడం నా పని. గుజరాత్‌లో చమురు పడిందని పేపర్లో చదివాక నాకు బొగ్గంటే చిన్నచూపు. పుస్తకమొకటి తెప్పించుకుని చదివాను. చమురు ఒంటరిగా రాదట. గ్యాసు, ఉప్పునీళ్లు, ఇసుక కలిసి వస్తాయట. కదపకుండా ఉంచితే చమురు పైకి తేలుతుందట.

అప్పుడు ఒక ముసలవ్వ మిరప తోట గట్టున బోరు వేస్తున్నాం. ఆమె తవ్వించిన రెండు బావులూ రాయి తగిలి ఆగిపోయాయి. ఈసారి తోట ఎండితే చేను అమ్ముకోవడమే. పని కాగానే బోరును సిమెంటుతో మూసేస్తామని తెలిసినా, రోజూ వచ్చి గొట్టం దగ్గర కూర్చునేది.

ఒక పొద్దున వెళ్లేసరికి గొట్టంలోంచి నీళ్లు వాటంతటవే పొంగుతున్నాయి. పైన నల్లటి జిడ్డు, నడుమ బుడగలు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. సీసాలో పట్టి చూశాను. పైన జిడ్డు, కింద నీళ్లు, అడుగున ఇసుక. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. గాసునూనె పడిందని ఊరంతా చాటి, మా ఆఫీసరును పిలుచుకొచ్చాను.

ఆయన నింపాదిగా జిడ్డును వేలికి రాసుకుని వాసన చూశాడు. "ఇది ఆముదమయ్యా. బొగ్గు పొడి కలిసి నల్లగైంది."

"నేనే పోసిన బిడ్డా" అంది అవ్వ. "కొత్త బాయి గూట్ల గంగమ్మకు ఆముదం దీపం పెడ్తం. గీ గొట్టంకు గూడు యాడున్నది? గందుకే నిన్న చెంబెడు పోసిన."

నాకు ఒళ్లు మండింది. అయినా ఆశ చావలేదు. జిడ్డు పారబోసి కింది నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పు తగిలితే చాలు, ఇంకా లోతుకు పోదామని ఆఫీసరు కాళ్లు పట్టుకునేవాణ్ణే.

"ఉప్పగున్నయా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా, తియ్యగున్నయి" అన్నాను, కొంప మునిగినట్టు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఆ ఏడుపు చూసేదాకా ఆ నీళ్లతో తోట బతుకుతుందని నాకు తట్టనే లేదు. ఆఫీసరు మావాళ్ల వైపు తిరిగి, "సిమెంటు కలపకుండ్రి. గొట్టం గట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు.

తోటకు కాలువ తీయడానికి పార అడుగుదామని ఊళ్లోకి పరుగెత్తాను. నూనె ఏదని ఊరి మొదట్లోనే జనం నవ్వుతూ నిలదీశారు. నీళ్లు పడ్డయని చెప్పాను. అంతవరకూ నవ్వుతున్నవాళ్లు, పారలు పట్టుకుని నాకంటే ముందు ఉరికారు.