నడుమ లేని నీలం

అందరి కోపం ముక్కు మీద ఉంటే తాపీమేస్త్రీ కోపం సుత్తిలో ఉంటుంది. గచ్చులో బిళ్ళ వెంట్రుకవాసి పక్కకు జరిగినా దాన్ని పిండి చేస్తాడు. అప్పటికీ చల్లారకపోతే పక్కనున్న వాళ్ల వీపు విమానం మోత మోగిస్తాడు. పక్కన ఎప్పుడూ ఉండేది సిమెంటు కలిపే భార్యే. వరస తప్పితే ఓర్వలేని ఆ మనిషికి కంటాసుపత్రి డాక్టరమ్మ వరసే లేని పని అప్పజెప్పింది. కంటి లోపల రంగులు పట్టే కణాలు ఎలా ఉంటాయో, గుమ్మం ముందు గచ్చులో గాజుబిళ్ళలు అలా పొదగాలట. "ఎర్రవీ ఆకుపచ్చవీ ఇష్టమొచ్చినట్టు కలిసిపోవాలి. నీలం అక్కడొకటి ఇక్కడొకటి. నట్టనడుమ మాత్రం నీలం ఉండకూడదు," అంది.

ఎర్రవీ పచ్చవీ పళ్ళు కొరుక్కుంటూ ఎలాగో కలిపేశాడు. నీలం బిళ్ళలు మాత్రం ఎన్నిసార్లు పెట్టినా బారులు తీరేవి. పెళ్ళగించి గోడకేసి కొట్టేవాడు. గచ్చుకు అడ్డంగా వేసిన చెక్క మీద వంగి నట్టనడుమ బిళ్ళలు తుడుస్తున్న భార్య, "ఇంత కొలిచి కొలిచి పెడితే ఎలా చెదురుతాయయ్యా?" అని నవ్వింది. అంతే, నీలం బిళ్ళల బొచ్చె ఎత్తి ఆమె నెత్తి మీదికి విసిరాడు. బిళ్ళలు చెల్లాచెదురై ఆమె చుట్టూ తడి సిమెంటులో దిగబడ్డాయి.

వాటిని ఏరబోతుంటే డాక్టరమ్మ పరుగున వచ్చింది. "ముట్టుకోకండి! అచ్చం కన్నే! నడుమ ఒక్క నీలమూ పడలేదు. ఎలా కుదిరింది మేస్త్రీ?"

మేస్త్రీ చెయ్యి మీసం మీదికి పోయింది. నుదుటికి గుడ్డ అదుముకుని భార్యే బదులు చెప్పింది.

"అక్కడ నా తల ఉందమ్మా."