డ్యూటీకి వెళ్లిన తేనెటీగలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఉక్కు ప్లాంట్‌లో అప్రెంటిస్‌గా చేరి మూడు నెలలైంది, సేఫ్టీ క్లాసు పూర్తయింది, నెత్తి మీదికి పసుపు హెల్మెట్ వచ్చింది. (కూరగాయలకు కూడా అది పెట్టుకునే వెళ్లేవాణ్ని. వంకాయలు నెత్తిన పడతాయని కాదు, కుర్రాడు ప్లాంట్‌లో చేరాడని నలుగురికీ తెలియాలి కదా!) ఇంట్లో నన్ను 'సేఫ్టీ బాబు' అనేవారు. అది బిరుదనుకున్నాను. ఆ వయసులో మనకు అన్నీ తెలిసిపోవడం వల్ల ఎంతమంది ఇబ్బంది పడ్డారో కదా అని ఇప్పుడనిపిస్తుంది. నా విషయంలో ఆ ఇబ్బంది పడ్డవాటిలో ఓ తేనెటీగల సంసారం కూడా ఉంది.

మా క్వార్టర్ ప్లాంట్ కాలనీ సెక్టర్ 7లో. వెనక గది కిటికీ బయట ఇనుప స్టాండు మీద కూలర్ ఉండేది. చలికాలమంతా గోనెపట్టా కప్పుకుని పడి ఉండేది. హోలీ వెళ్లాక దాన్ని తుడిచి, పాత గడ్డి తీసేసి కొత్త ఖస్ గడ్డి, అదే వట్టివేళ్లు, పెట్టడం మా ఇంట్లో ఒక పండగ. ఆ ఏడాది గోనె ఎత్తేసరికి లోపల గుయ్యిమంది. కరెంటు పెట్టకుండానే తిరుగుతోందేమిటా అని తొంగి చూస్తే, ఫ్యాను పక్కన వరసగా వేలాడుతూ నాలుగైదు తేనెపట్లు! మేం ఖాళీగా వదిలేసిన క్వార్టర్‌ని అవి అలాట్ చేయించుకున్నాయన్నమాట.

నవ్వులాట కాదు మరి. నాన్నకి అప్పుడు నైట్ షిఫ్టు. ఫర్నేస్ దగ్గర పనిచేసి తెల్లారి ఇంటికొచ్చి, ఆ కూలర్ గాలికే మధ్యాహ్నం దాకా పడుకునేవాడు. ఎండ ముదిరింది, కూలర్ లేదు, తడి తువ్వాలు కప్పుకుని అటూ ఇటూ దొర్లడమే. ఒకరోజు పొద్దున్న టీ తాగుతూ అమ్మతో, "నిలబడే కునుకు తీసేసానే. పక్కోడు చెయ్యట్టుకు లాగాడు కాబట్టి..." అని ఆపేశాడు. అయినా పొగ పెడతానంటే అమ్మ ఒప్పుకోలేదు. "పిల్లల్తో కాపరముంటన్నాయి, ఉసురు తగుల్తాది. చంపకుండా ఏటి చెయ్యాలో అది చెయ్యి," అంది.

ఏటి చెయ్యాలో నాకు తెలియకపోవడమా! ప్లాంట్‌లో పనికి రాసినట్టే కాగితం మీద వరసగా రాశాను. హెల్మెట్, నాన్న తోలు గ్లౌజులు, కళ్లద్దాలు, మెడ చుట్టూ అమ్మ పాత చీర. వీలున్నంతవరకు పని మంచి వెలుతురులో చెయ్యాలని సేఫ్టీ క్లాసులో నేర్పారు, అందుకని మిట్టమధ్యాహ్నానికి ముహూర్తం పెట్టాను. నాన్నని ముందు గదిలో పడుకోమని, పక్క క్వార్టర్ భయ్యాని సాయం పిలిచి, కూలర్‌ని పట్లతో సహా మెల్లగా ఎత్తి పెరటి చివర జామచెట్టు కింద పెట్టాం. ఒక్క కుట్టు లేదు. (ఉంది, చెవి మీద. హెల్మెట్ చెవుల్ని కప్పదు.) కాగితం కింద 'పని పూర్తయినది' అని రాసి సంతకం కూడా పెట్టాను.

గంట తిరక్కుండా కిటికీ నల్లబడింది. పువ్వుల మీదికి పోయిన ఈగలన్నీ తిరిగొచ్చి, కూలర్ ఉండాల్సిన చోట గాలిలో గిరగిరా తిరుగుతున్నాయి. పాతిక అడుగుల దూరంలో వాటి ఇల్లుంది, అటు చూడవు. చివరికి ఖాళీ స్టాండునే పట్టుకుని గుత్తిగా వేలాడాయి. నేనేమో హెల్మెట్ ఊపుతూ జామచెట్టు వైపు దారి చూపిస్తున్నాను.

అంట్లు తోమే దీదీ అప్పుడే వచ్చింది. ఆమెది జాముల్ అవతలి పల్లె. ఆంధ్రావాళ్ల ఇళ్లలో ఏళ్ల తరబడి పనిచేసి, ఈ హిందీ ఊళ్లోనే పుట్టిన నాకంటే మంచి తెలుగు మాట్లాడేది. కిటికీని చూసింది, చెట్టు కింద కూలర్‌ని చూసింది, ఆఖరికి నన్ను చూసింది.

"ఏటి బాబూ, సగం మంది డ్యూటీలో ఉండగా ఇల్లెత్తుకుపోయావా? ఆళ్లు తిరిగొచ్చి ఎటెల్తారు?"

గొడవకి లేచి వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎర్రబడ్డ కళ్లతో. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఆ గుత్తినే చూస్తూ, "షిఫ్టులు చేసేవాడి కొడుకువి, నీకు తట్టొద్దురా?" అన్నాడు. చెవి మంట రెండు రోజుల్లో తగ్గింది. ఈ మాట మంట తగ్గలేదు.

దీదీ చెప్పినట్టే కూలర్‌ని మళ్లీ స్టాండు మీద పెట్టాం. పొద్దుగూకి, చివరి ఈగ లోపలికెళ్లేదాకా ఆగి, కన్నాలకు తడిగుడ్డలు కుక్కి, రిక్షా ట్రాలీ మీద పల్లెలో దీదీ వాళ్ల పెరటికి చేర్చాం. "దగ్గర పెడితే పాత తోవే యెతుక్కుంటాయి. దూరమైతే కొత్త తోవ నేర్సుకుంటాయి," అంది దీదీ. మర్నాడు వాళ్ల మామగారు పట్లు జాగ్రత్తగా కోసి కుండలో అమర్చి, కూలర్ మాకు తిరిగిచ్చాడు. కూలర్ పెట్టిన మొదటి మధ్యాహ్నం నాన్న గురక వింటూ అమ్మ వంటింట్లో కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను గానీ, ఉల్లిపాయల వల్లనని చెప్పాను.

కొన్నేళ్లకు వైశాలి నగర్‌లో సొంతిల్లు కట్టుకున్నాం. సామాను మార్చడానికి మళ్లీ నేనే కాగితం రాశాను. మంచి వెలుతురు, మంచి ముహూర్తం, నాన్న పొద్దుటి షిఫ్టులో ఉండగానే అంతా అయిపోవాలని. అయిపోయింది కూడా. రెండింటికి షిఫ్టు దిగిన నాన్న అయిదైనా కొత్తింటికి రాలేదు. అమ్మ ముఖం చూసి స్కూటర్ తీశాను.

సెక్టర్ 7లో తాళం వేసిన మా క్వార్టర్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, సైకిల్ గోడకి ఆనించి. నన్ను చూసి కాస్త సిగ్గుపడ్డాడు. "తెలీకుండా ఇటే తొక్కేసానురా," అన్నాడు. మెట్టు మీద జరిగి చోటిస్తూ, "దీదీ ఏటి చెప్పింది నీకు? అందరూ ఇంటికొచ్చాక కదా మార్చమంది," అన్నాడు. ఈసారి నవ్వాడు.

నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. పొద్దుగూకాక ఆయన సైకిల్ మీద, నేను స్కూటర్ మీద పక్కపక్కనే కొత్తింటికి బయల్దేరాం. జేబులో ఆ రెండో కాగితం ఉంది. దాని కింద కూడా 'పని పూర్తయినది' అని మధ్యాహ్నమే సంతకం పెట్టేశాడు మన సేఫ్టీ బాబు.