నాము జొన్న

గుర్వమ్మ నోరు తెరిచిందంటే వాడకట్టంతా సర్దుకుని కూర్చునేది. మర్రిగూడ దగ్గరి ఆ ఊళ్లో ఆమె తిట్టని మనిషి లేడు, తిట్టని కోడి లేదు. రాని వానను కూడా వదిలేది కాదు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు మొగుడు బుచ్చయ్య. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి అతని నడుము వంగిపోయింది, మెడ పక్కకు తిరగదు. తర్వాత ఇంటికి నల్లా నీళ్లొచ్చాయి నిజమే, కానీ అప్పటికే వంగిన ఎముక ఎక్కడ లేస్తుంది?

"దాని తిట్లు లేకుంటె నాకు బువ్వ అరుగది," అని నవ్వేవాడు బుచ్చయ్య. తిడుతూనే ఆమె అతనికి నీళ్లు పోసేది, అంగీ తొడిగేది, గిలాస నిండా పాలు తాగించేది. ఎముకలకు పాలు మంచివని దవాఖానలో చెప్పినప్పటి నుంచి ఆమెకు బర్రె మీదే ప్రాణం.

ఆ ఏడు బర్రె చూడితో ఉంది. ఉగాది దాటితే ఈనుతుంది. కానీ శివరాత్రికే బోర్లు ఎండసాగాయి, గడ్డివాములు కరిగాయి, జనం పశువుల్ని సంతకు తోలుకుపోతున్నారు. పక్కింటి ఈదమ్మ ఉండబట్టలేక అననే అంది.

"అమ్మేయరాదక్కా! గడ్డి ఏడికెళ్లి తెస్తవ్?"

"నీ మొగుణ్ని అమ్ముకో పో! చూడి బర్రెను కటికోనికి ఇయ్యమంటవా? నీ నోట్ల మన్నువడ!"

అమ్మలేదు. ఇంటి వెనక చెలకలో జొన్న అలికింది. వాళ్ల బోరు నాలుగు తడులు పోసి, గుటకలు మింగి ఎండిపోయింది. జొన్న మోకాలెత్తుకు వచ్చి ఆగిపోయింది. అట్లా నీళ్లందక గిడసబారిన జొన్నలో విషం పుడుతుంది. దాన్నే నాము అంటారు. పశువు తిన్నదంటే గడియలో ప్రాణం పోతుంది. అందుకే పూత పట్టేదాకా దాన్ని ముట్టకూడదని ఊళ్లో అందరికీ తెలుసు. పంట లేస్తే చాలు, బర్రె బతుకుతుంది. ఆమె ఆశంతా అదే. వరికి తెచ్చిన యూరియా ఒక మూట మూలకు మిగిలి ఉంది.

ఒకనాడు మధ్యాహ్నం దేవరకొండ దిక్కున నల్లగా మబ్బు పట్టింది. గుర్వమ్మ మూట విప్పి యూరియాను కొంగులో పోసుకుంది.

"ఆగవే," అన్నాడు బుచ్చయ్య అరుగు మీది నుంచి. "భూమిల పదును లేదు. వాన పడ్డంక చల్లు. మబ్బును జూసి ముంత ఒలకబోస్తవా?"

"ఆగు ఆగనుడే నీ పని! నువ్వు గట్లనే కూసో, నేను చేసుకుంట."

చల్లింది. వాన వచ్చింది, కానీ అదేం వాన! పై మన్ను తడిపి, వాసన పుట్టించి, ఊరిస్తూ పోయింది. పాపిష్టి మబ్బు, పూర్తిగా రాకపోయినా బాగుండేది. ఆ కాస్త తడికే యూరియా కరిగి జొన్న ముదురు పచ్చగా తిరిగింది. ఎత్తు మాత్రం జానెడు కూడా పెరగలేదు. మళ్లీ ఎండలు మొదలయ్యాయి. "సూశినవా నా చేను!" అని గుర్వమ్మ మొగుణ్ని దెప్పింది. మురిసిపోయింది కూడా, ఎందుకు దాచాలి?

మర్నాటి నుంచి ఆమె ఉపాధి పనికి పోసాగింది. ఇంటి దగ్గర బర్రె ఆకలికి చూరుగడ్డి పీకుతూ అరుస్తుంటే బుచ్చయ్య చెవులు మూసుకునేవాడు. ఒకరోజు ఇక వినలేకపోయాడు. నాము జొన్న పాలిపోయి, వాడి ఉంటుందని చిన్నప్పుడు పెద్దలు చెప్పగా విన్నాడు. ఇదేమో కళ్లు చల్లబడేంత పచ్చగా ఉంది. కట్టె పట్టుకుని చెలక దాకా పోయి, నేల మీద కూర్చుని జరుగుతూ జరుగుతూ మోపెడు జొన్న కోసి, బర్రె ముందుకు ఈడ్చుకొచ్చాడు. ఎన్నేళ్లయిందో అతను ఒక పని చేసి! బర్రె ఆత్రంగా మేస్తుంటే దాని మెడ నిమురుతూ పక్కనే నిలబడ్డాడు.

ఈదమ్మ పిలుపుకు గుర్వమ్మ ఉరికి వచ్చేసరికి బర్రె నోట నురగతో కాళ్లు కొట్టుకుంటోంది. బెల్లం నీళ్లు పోశారు, గొంతు దిగలేదు. పశువుల డాక్టరు బండి దిగేసరికి అంతా అయిపోయింది. ఆయన ఒక జొన్న మొక్క అందుకుని చూశాడు.

"నాము తగిలింది. దీనికి యూరియా ఏసిన్రా? నీళ్లు లేక బెట్టల ఉన్న జొన్నకు యూరియా ఏస్తె విషం ఇంక ఎక్కువైతదమ్మా."

గుర్వమ్మ బర్రె తల పక్కన కూర్చుండిపోయింది. కడుపులో దూడతో సహా బర్రెను ట్రాక్టరుకు కట్టి లాక్కుపోయారు. బుచ్చయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పచ్చగ గనవడ్డది గుర్వమ్మా. నీకు జర ఆసరైత అనుకున్న. నా చేతులు ఇరగ."

"పచ్చగ జేసింది నేను గాదా," అంది ఆమె. మళ్లీ మాట్లాడలేదు.

ఆ పూటే కాదు, తర్వాత కూడా మాట్లాడలేదు. నీళ్లు పోసింది, అంగీ తొడిగింది, మెతుకులు పిసికి నోటికి అందించింది. అన్నీ చేసింది, ఒక్క తిట్టు లేకుండా. వాడకట్టుకే ఆ మౌనం చూసి భయమేసింది. ఒక రాత్రి బుచ్చయ్య ముద్దను నోట్లోనే ఉంచుకుని, మెడ తిప్పలేక ఒళ్లంతా ఆమె వైపు తిప్పుకున్నాడు. కళ్లు నిండి ఉన్నాయి.

"ఒక్కపారి తిట్టవే, గుర్వమ్మా. నీ కాళ్లు మొక్కుత. బువ్వ దిగుతలేదు."

ఆమె నోరు తెరిచింది. తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది.