ప్లగ్గు పెట్టని స్పీకర్

ఊళ్లల్లో డిష్‌లు బిగించడం నా పని. ఏ ఇంట్లోనైనా టీవీ దానంతట అదే మోగిందంటే దయ్యం అంటారు. నేను పోయి వైరు సరిచేసి, చాయ్ తాగి వస్తాను. పోయినవాళ్లు పలుకుతారని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది తిరుమలగిరి దగ్గర ఊరు. మా బాపు గొర్ల కాపరి. ఆయన గుండెపోటుతో పోయాక మందను మా తమ్ముడు మల్లేశ్ తీసుకున్నాడు. ప్రతి కాపరికీ తనదైన పిలుపు ఉంటుంది, మంద దాన్నే ఎరుగుతుంది. మల్లేశ్ బాపు గొంగడి కప్పుకుని, బాపు కర్ర పట్టుకుని, అచ్చం బాపులాగే "హోయ్... ర్ర్ర్ హో" అని గొంతు చించుకునేవాడు. గొర్లు తలెత్తి చూసేవి, మళ్లీ మేతలో పడేవి. పక్కవాళ్ల చేలల్లో జొరబడి రోజుకో తగాదా తెచ్చేవి. కొన్ని కుక్కల పాలయ్యాయి.

చివరికి అమ్మ, "అమ్మేద్దాం బిడ్డా, మంద మన మాట ఇంటలేదు" అంది. వచ్చే అంగడికి తోలాలని అనుకున్నాం. మల్లేశ్‌కు ఇంకో పని రాదు. హైదరాబాద్ పోయి వాచ్‌మన్‌గా చేరతానన్నాడు. ఆ మాట అన్నప్పటి నుంచి వాడికి అన్నం సయించలేదు.

ఆ దిగులులోనే సౌండ్ సిస్టమ్ కొనాల్సి వచ్చింది. అమ్మకు కుడి చెవి బొత్తిగా వినిపించదు. టీవీ గట్టిగా పెట్టుకుంటుంది కాబట్టి సీరియల్లో కోడలి కష్టాలన్నీ మా వాడకట్టుకంతా తెలుసు. వైర్‌లెస్ హోమ్ థియేటర్ అయితే ఒక స్పీకర్‌ను ఆమె మంచి చెవి దగ్గర పెట్టొచ్చని నకిరేకల్‌లో ఒక షాపుకు తీసుకెళ్లాను.

నాకు సౌండ్‌బార్ నచ్చింది. ఒకటే పొడుగు డబ్బా, గోడకు కొడితే పని అయిపోతుంది. షాపాయన, వెనక రెండు చిన్న స్పీకర్లు ఉండే సెట్టు కూడా చూడమన్నాడు. అట్టపెట్టె విప్పి, ఒక స్పీకర్‌ను అమ్మకు కుడి పక్కన బల్ల మీద పెట్టి, కరెంటు వైరు తెస్తానని లోపలికి వెళ్లాడు.

"వైరు లేదంటివి, మల్ల గీ వైరేంది?" అంది అమ్మ. కరెంటుకు మాత్రం కావాలి అని చెప్పబోతున్నాను, ఆమె చటుక్కున ఆ స్పీకర్ వైపు తిరిగింది.

"మీ బాపు పిలుస్తాండు."

నాకేమీ వినిపించలేదు. ఆగమన్నట్టు చెయ్యి చూపింది. కాసేపటికి నాలుకను అంగిటికి తాకించి, చాలా మెల్లగా "టొక్, టొక్" అంది. కళ్లల్లో నీళ్లు.

"గొర్లు మన దిక్కు జూసినంక గిట్ల అంటుండె. నేను మరిచే పోయిన."

పెళ్లయిన కొత్తలో అమ్మ బాపుతో పాటు మంద వెంట తిరిగింది. కేక ఊరందరికీ తెలుసు. ఆ చిన్న చప్పుడు మాకెవరికీ తెలియదు.

షాపాయన వైరు పట్టుకొచ్చి, ఇంకా ప్లగ్గే పెట్టలేదు కదా అని నవ్వాడు. నేను స్పీకర్‌ను తిప్పి చూశాను. వైరు గుచ్చే చోటు ఖాళీ. లోపల బ్యాటరీ ఉండే రకం కూడా కాదు. పైగా అది ఉన్నది ఆమె వినిపించని చెవి వైపు. దాని మీద వేసిన చెయ్యి అమ్మ తీయలేదు. అదే సెట్టు తీసుకున్నాం.

ఊళ్లో దిగగానే అమ్మ ఇంటికి కూడా పోకుండా మంద మేస్తున్న చెల్కకు నడిచింది. అక్కడున్న మల్లేశ్‌కు ఆ చప్పుడు చేసి చూపింది. వాడు ముందు కేక వేశాడు. గొర్లు ఎప్పటిలాగే తలెత్తాయి. అప్పుడు అమ్మ నేర్పినట్టు "టొక్, టొక్" అన్నాడు. ముందు నడిచే ముసలి గొర్రె కదిలింది. దాని వెనకే మందంతా వచ్చి వాడి మోకాళ్ల చుట్టూ నిలబడింది. మల్లేశ్ గొంగట్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

అమ్మకు ఆ క్షణాన పాత సంగతి జ్ఞాపకం వచ్చి ఉంటుందని మీరనొచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం ఇంట్లో సెట్టు బిగిస్తూ, ఆ స్పీకర్‌ను కిటికీలో పెట్టాను. ప్లగ్గు ఇంకా నా చేతిలోనే ఉంది. మల్లేశ్ చాలా రోజుల తర్వాత కడుపు నిండా తింటున్నాడు, అమ్మ వడ్డిస్తోంది. బయట దొడ్లో గొర్లన్నీ ఒక్కసారిగా తలలెత్తి కిటికీ వైపు చూశాయి. ఆ తర్వాత నెమ్మదిగా వచ్చి గోడను ఆనుకుని పడుకున్నాయి.

మందను అమ్మలేదు. మల్లేశ్ ఊళ్లోనే ఉన్నాడు, ఈ ఏడు మంద పెరిగింది కూడా. నేను అప్పుడప్పుడు ఎవరూ చూడకుండా ప్లగ్గు పీకి స్పీకర్‌కు చెవి ఆనిస్తాను. ఏమీ వినిపించదు. ఒకరోజు అమ్మకు దొరికిపోయాను.

"నీకెట్ల ఇనబడ్తది కొడుకా," అని నవ్వింది, "నువ్వెన్నడన్న గొర్ల ఎంట నడిచినవా?"